పాత బండి కొనే ముందు

మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క ఒకరోజు నన్ను ఇలా అడిగింది.

"టీచరమ్మా! మా ఆయన పాత మోటారు సైకిలు ఒకటి చూశాడు. పదిహేను వేలంట. కొంచెం రిపేరు ఉందంట. పొదుపు సంఘంలో నా పేరు మీద ఇరవై వేలు అప్పు తెమ్మంటున్నాడు. తేవాలా, వద్దా?"

నేను తెమ్మనలేదు. వద్దనలేదు. "నోటు పుస్తకం తియ్యక్కా. లెక్క వేద్దాం" అన్నాను.

మొదటి లెక్క: బండి అవసరమా?

అక్క భర్త తాపీ మేస్త్రీ. 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌనుకు పనికి పోతాడు. ఆటోకు పోను 30 రూపాయలు, రాను 30 రూపాయలు. రోజుకు 60.

బండి మీద అయితే రానూ పోనూ 24 కిలోమీటర్లు. లీటరుకు 48 కిలోమీటర్లు నడిచినా అర లీటరు పెట్రోలు కావాలి. లీటరు ధర వంద రూపాయలు దాటి ఉంది. కాబట్టి రోజుకు 50 రూపాయల పైనే ఖర్చు. మిగిలేది పది రూపాయల లోపే. నెలకు 26 రోజులు పని ఉన్నా 260 రూపాయలు మిగలవు. సంఘంలో వడ్డీ నెలకు నూటికి రూపాయి. 20 వేలకు మొదటి నెల వడ్డీయే 200.

"ఈ మాత్రం దానికి బండి ఎందుకు?" అంది అక్క.

మళ్లీ తనే ఆలోచించింది. చీకటి పడితే వాళ్ల ఊరికి ఆటోలు రావు. అందుకని నెలలో రెండు రోజుల పని వదులుకోవాల్సి వస్తోంది. రోజు కూలి 800. రెండు రోజులకు 1,600. "ఇది రాయలేదు కదా!" అని అదీ రాసింది. బండి అవసరమే అని తేలింది.

రెండో లెక్క: అసలు ధర ఎంత?

అమ్మేవాళ్లు చెప్పేది బండి ధర మాత్రమే. రిపేరు ఖర్చు కలిపితేనే అసలు ధర.

బండి చూడటానికి మనకు తెలిసిన మెకానిక్కును తీసుకుపోవాలి. అమ్మేవాళ్ల మెకానిక్కు మాట నమ్మి కొనకూడదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. మనం పోయేసరికే ఇంజను వేడిగా ఉంటే, "చల్లారనివ్వండి" అని చెప్పి కూర్చోండి. కొన్ని బండ్లు వేడిగా ఉంటే వెంటనే స్టార్టు అవుతాయి. పొద్దున్నే మాత్రం ఎన్ని కిక్కులు కొట్టినా కదలవు.

పొగ చూడండి. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనులో ఆయిలు మండిపోతోందని అర్థం. పిస్టను, రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. అది పెద్ద ఖర్చు. టైర్లు, చైను, బ్రేకులు ఏ బండికైనా అరుగుతాయి. వాటికి భయపడనక్కర లేదు. ఖర్చు మాత్రం లెక్కలో రాసుకోవాలి. ఛాసిస్ వంగినా, విరిగి అతుకు వేసినా ఆ బండి వద్దు.

ఆ బండికి నీలం పొగ వచ్చింది. మెకానిక్కు చెప్పిన ఖర్చులు అక్క ఇలా రాసింది:

బండి ధర – 15,000
బోరు, పిస్టను, రింగులు – 5,000
చైను సెట్టు – 1,500
వెనక టైరు – 2,000
ఇన్సూరెన్సు, పేరు మార్పిడి, రెన్యువల్ – 3,500
మొత్తం – 27,000

అప్పు 20 వేలు. ఖర్చు 27 వేలు. ఆ డబ్బుకు బాగా నడిచే బండి దొరుకుతుందేమో ముందు విచారించాలి.

మూడో పని: కాగితాలు చదవడం

బండి ఎంత చవకైనా కాగితాలు సరిగా లేకపోతే కొనకూడదు.

ఆర్‌.సి. అడగండి. అందులో ఎవరి పేరు ఉంది? అమ్మేది అతనేనా? ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద కూడా చెక్కి ఉంటాయి. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. అక్షరానికి అక్షరం, అంకెకు అంకె పోల్చి చూడండి. ఒక్కటి తేడా ఉన్నా వదిలేయండి. అది దొంగ బండి కావచ్చు.

తారీకు చూడండి. మామూలుగా ఆర్‌.సి. 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత బండిని తనిఖీ చేయించి, రుసుము కట్టి రెన్యువల్ చేయించాలి. అది 5 ఏళ్లు చెల్లుతుంది. అక్క చూసిన బండి 2010లో రిజిస్టరు అయింది. అందుకే లెక్కలో రెన్యువల్ ఖర్చు రాశాం.

ఆర్‌.సి. మీద బ్యాంకు పేరు గానీ, ఫైనాన్సు కంపెనీ పేరు గానీ ఉందా? ఉంటే బండి మీద అప్పు ఉందన్న మాట. తీరిందంటే, తీరినట్టు వాళ్లిచ్చిన కాగితం, ఫారం 35 చూపించమనండి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మేవాళ్ల సంతకాలు ముందే చేయించుకోండి. కొన్న 30 రోజుల్లోగా ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలి. "తరువాత చూద్దాం" అనవద్దు. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే వారే యజమాని అని 2018లో సుప్రీం కోర్టు ఒక ప్రమాదం కేసులో చెప్పింది. ఈ సంగతి అమ్మేవాళ్లకు చెబితే వాళ్లే తొందరపడి సంతకం పెడతారు.

చివరకు ఏం జరిగింది?

అక్క ఆర్‌.సి. చేతిలోకి తీసుకుంది. నంబర్లు కలిశాయి. కింద మాత్రం ఫైనాన్సు పేరు ఉంది. "అప్పు ఎప్పుడో తీరిపోయిందమ్మా. అడ్వాన్సు ఐదు వేలు ఇవ్వండి. కాగితం రేపు తెస్తాను" అన్నాడు అమ్మే అతను. "కాగితం తెచ్చాకే అడ్వాన్సు" అంది అక్క. "పది మందిలో నా పరువు తీశావు" అని భర్త రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

వారం గడిచింది. నెల గడిచింది. ఆ కాగితం రాలేదు. మేస్త్రీ ఇంకా ఆటోలోనే పోతున్నాడు. వేరే బండి వెతుకుతున్నారు. ఈసారి అతనే, "నువ్వు కూడా రా. ఆర్‌.సి. నువ్వే చదువు" అంటున్నాడు.

అప్పు మన పేరు మీద ఉంటే కట్టేది మనమే. కాబట్టి చదివి చూడాల్సింది కూడా మనమే.

మీరు లెక్క వేయండి:
1. బండి ధర 18,000. రిపేరు 6,500. కాగితాల ఖర్చు 2,500. మొత్తం ఎంత?
2. మీ ఇంట్లో బండి ఉందా? ఆర్‌.సి. తీసి చూడండి. అది ఎవరి పేరున ఉంది? ఏ సంవత్సరం దాకా చెల్లుతుంది?