రైలు పోయింది, దారి మిగిలింది

మిస్సోరీ నది పక్కన, ద్రాక్ష తోటల మధ్య 44 మైళ్ళ సైకిలు యాత్ర

"కంకర రోడ్డు మీద సైకిలు తొక్కడానికి అమెరికా దాకా వెళ్ళావా నాయనా!" అని ఫోనులో మా అమ్మ నవ్వింది. ఆవిడ నవ్వులో న్యాయం ఉంది. హైస్కూలుకు రోజూ ఆరు కిలోమీటర్లు అలాంటి రోడ్డు మీదే తొక్కినవాణ్ణి. ఉద్యోగం రాగానే స్కూటరు వచ్చింది, అమెరికా రాగానే కారు వచ్చింది. ఇరవై ఏళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నాక, "షుగరు గీత దగ్గర నిలబడి ఉంది, దాటుతుందా ఆగుతుందా అన్నది మీ చేతిలో ఉంది" అన్నారు డాక్టరు గారు. చేతిలో కాదు, కాళ్ళలో ఉందని నాకు అర్థమైంది.

అలా మా ఇంట్లోకి గ్రావెల్ బైకు వచ్చింది. సన్నటి టైర్ల రేసు సైకిలుకూ, కొండలెక్కే మౌంటెన్ బైకుకూ ఇది మధ్యరకం. టైర్లు సుమారు 38 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. వాటిలో గాలి కాస్త తక్కువ పెడితే కంకర కుదుపు ఒంటికి తగలదు. పక్క రాష్ట్రం కాన్సాస్‌లో ఎంపోరియా అనే ఊరు ఉంది. 2006లో అక్కడ మొదలైన 200 మైళ్ళ కంకర దారి పందెం ఈ సరదాను దేశమంతా పాకించిన వాటిలో ఒకటి. మనకు అంత సాహసం అక్కర్లేదు. మా సెయింట్ లూయిస్ వాళ్ళకు పెరట్లోనే కేటీ ట్రైల్ ఉంది.

కేటీ ఎవరు?

పిల్లలూ, కేటీ అమ్మాయి పేరు కాదు, రైలు పేరు! మిస్సోరీ-కాన్సాస్-టెక్సాస్ రైల్‌రోడ్‌ను ఎం.కె.టి. అనేవారు. అందులోని కె, టి అక్షరాలను కలిపి జనం 'కేటీ' అని పిలుచుకున్నారు. నది ఒడ్డున వేసిన ఈ లైను వరదలకు మాటిమాటికీ దెబ్బతినేది. 1986లో సెడేలియా, మాచెన్స్ ఊళ్ళ మధ్య రైళ్ళు ఆపేశారు.

మామూలుగా అయితే రైలు ఆగిపోయిన లైను ముక్కలు ముక్కలుగా పొలాల్లో కలిసిపోతుంది. కానీ 1983లో అమెరికా కాంగ్రెసు ఒక చట్ట సవరణ చేసింది. ఎప్పటికైనా మళ్ళీ రైలు వేయాల్సి వస్తే వేసుకోవచ్చు, అందాకా దారిని చెదరనివ్వకుండా నడకకూ సైకిళ్ళకూ వాడుకోండి అన్నది దాని సారాంశం. దారిని బ్యాంకులో దాచుకోవడం లాంటిదన్నమాట. పక్క పొలాల రైతులు కొందరు ఒప్పుకోలేదు, కోర్టుల దాకా వెళ్ళారు. టెడ్ జోన్స్, పాట్ జోన్స్ దంపతులు ఈ దారి కోసం 22 లక్షల డాలర్లు విరాళంగా ఇచ్చారు. 1990లో రోష్‌పోర్ట్ దగ్గర మొదటి భాగం తెరుచుకుంది. 1993 మహా వరదలో చాలా భాగం పాడైతే మళ్ళీ బాగుచేశారు. ఇప్పుడు మాచెన్స్ నుంచి క్లింటన్ దాకా సుమారు 240 మైళ్ళు, అంటే 385 కిలోమీటర్ల పొడవున్న స్టేట్ పార్కు ఇది.

దారంతా నలగ్గొట్టిన సున్నపురాయి పరిచారు. రైలింజను ఎక్కగలిగిన దారి కాబట్టి నిటారు ఎత్తులు లేవు. కొత్తగా మొదలుపెట్టే నాలాంటి వాళ్ళ మోకాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

ఆవులను చూసి కేకలు వేసిన వీరులు

పోయిన అక్టోబరులో ఒక శనివారం పొద్దున్న మా అమ్మాయీ నేనూ డిఫయన్స్ అనే చిన్న ఊరి నుంచి బయలుదేరాం. దానికి పద్నాలుగేళ్ళు. సాయంత్రానికి హెర్మన్ చేరాలి. అక్కడికి మా శ్రీమతి, మా అబ్బాయి పులిహోరతో కారులో వస్తారని ఒప్పందం.

ఒకవైపు సున్నపురాయి గుట్టలు, ఇంకోవైపు మొక్కజొన్న కోసిన చేలు. వాటి వెనక మిస్సోరీ నది. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లయితే ఈ నది 3,700 కిలోమీటర్లకు పైమాటే, అమెరికాలోకెల్లా పొడవైనది. రంగు మాత్రం అచ్చం వరద గోదావరే. ఇది ఒకప్పుడు ఒసేజ్, మిస్సోరియా జాతుల నేల. 1804 మేలో లూయిస్, క్లార్క్‌ల బృందం ఈ నదిలోనే ఎదురీదుతూ పడమటికి వెళ్ళింది. ఇప్పటి మార్థాస్‌విల్ దగ్గరున్న లా షారెట్ అప్పట్లో తెల్లవాళ్ళ చివరి పల్లె. రెండేళ్ళ తర్వాత, 1806 సెప్టెంబరులో తిరిగి వస్తూ ఆ చుట్టుపక్కల గట్టు మీద ఆవులు కనిపిస్తే, ఇల్లు దగ్గరపడిందని వాళ్ళు ఆనందంతో కేకలు వేశారట. అది విని మా అమ్మాయి కనిపించిన మొదటి ఆవుకు తనూ ఒక కేక వేసింది. ఆవు పట్టించుకోలేదు.

వేరు ఇక్కడిది, కొమ్మ అక్కడిది

ఏడు మైళ్ళకు అగస్టా వచ్చింది. ఒకప్పుడు ఇది నది రేవు. 1872 వరదలో నది పక్కకు జరిగిపోయి ఊరు ఒడ్డు మీద మిగిలిపోయింది. గుట్టమీది ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు. అమెరికాలో ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన మొట్టమొదటి ద్రాక్షసారా ప్రాంతం ఏదంటే అందరూ కాలిఫోర్నియాలోని నాపా అంటారు. నిజానికి అది అగస్టా. 1980 జూన్‌లో గుర్తింపు వచ్చింది, నాపాకు వచ్చింది 1981లో.

ఇక్కడ తోటలు వేసింది జర్మన్లు. గాట్‌ఫ్రీడ్ డ్యూడెన్ అనే ఆయన 1824 నుంచి మూడేళ్ళు ఈ చుట్టుపక్కల ఉండి, వెనక్కి వెళ్ళి 1829లో ఈ ప్రాంతం గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. అది చదివి వేలమంది ఓడలెక్కారు. "స్నేహితుడి మాట విని నువ్వు డల్లాస్ వెళ్ళబోయి ఇక్కడికి వచ్చినట్టా నాన్నా?" అంది మా అమ్మాయి. దాదాపు అంతే.

తరువాత ఫిలాక్సెరా అనే చిన్న పురుగు ఫ్రాన్సులో ద్రాక్ష వేళ్ళను పీల్చి తోటలను ఎండబెట్టింది. మిస్సోరీ కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ లాంటివారు దారి చూపారు. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుకు ఫ్రాన్సు కొమ్మను అంటుకట్టారు. మిస్సోరీ నుంచి కూడా వేరు మొక్కలు ఓడల్లో వెళ్ళాయి. అంటుమామిడి ఎరిగిన మనకు ఇది కొత్త విద్య కాదు.

పంచరు

ట్రెలోర్ దాటాక మా అమ్మాయి వెనక చక్రం దిగిపోయింది. ముల్లు. పంపు తెచ్చాను, స్పేరు ట్యూబు మాత్రం గరాజులో మరిచిపోయాను. ఫోనులో సిగ్నలు లేదు. దాని ముఖం చూస్తే, ఇంట్లో హాయిగా పడుకోకుండా ఎందుకొచ్చానా అన్నట్టుంది.

ఇరవై నిమిషాలకు డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు సైకిలు మీద వచ్చి ఆగారు. అడగకుండానే తన ట్యూబు తీసి ఇచ్చి, మార్చడంలో సాయం చేశారు. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే విని అది ఏ భాష అని అడిగారు. చెప్పాను. "మా తాతగారింట్లో జర్మనే మాట్లాడేవారు. నాకు మాత్రం భోజనానికి ముందు చెప్పే ప్రార్థనా, నాలుగు వంటల పేర్లూ వచ్చు. ఆ ప్రార్థనకు అర్థం కూడా సరిగ్గా తెలియదు" అని నవ్వి, మా అమ్మాయితో "నీకు వచ్చా?" అన్నారు. "అర్థమవుతుంది" అంది అది. "మా నాన్నా అదే అనేవాడు" అన్నారాయన.

తర్వాత రెండు మైళ్ళు అది మాట్లాడలేదు. మా ఇంట్లో నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో జవాబివ్వడం అలవాటైపోయింది. అర్థమవుతోంది కదా అని నేను కూడా ఊరుకున్నాను.

ఉన్నట్టుండి "సైకిల్లో తెలుగు మాటలేవి నాన్నా?" అంది. చైను, పెడలు, బ్రేకు, సీటు, ట్యూబు, పంచరు... నేనే తెల్లబోయాను. చివరికి 'గంట', 'చక్రం' దొరికాయి. తర్వాత చుట్టూ చూసి తనే లెక్క మొదలుపెట్టింది. ఏరు, గట్టు, గుట్ట, పిట్ట, తాబేలు, వంతెన, ఎండుటాకు, బురద. తెలియనిది నన్ను అడిగింది. మెకిట్రిక్ చేరేసరికి అరవై మూడు.

హెర్మన్‌లో

మెకిట్రిక్ దగ్గర ట్రైల్ వదిలి, వంతెన మీది సైకిలు దారిలో నది దాటి సుమారు రెండు మైళ్ళు వెళితే హెర్మన్. 1830లలో ఫిలడెల్ఫియాలోని జర్మన్లు ఒక సంఘం పెట్టుకుని, తమ భాషా సంస్కృతులు చెదరకుండా బతకాలని కట్టుకున్న ఊరు. వీధులకు షిల్లర్, గేటే, మొజార్ట్ పేర్లు పెట్టుకున్నారు. మనం పోతన వీధి, త్యాగరాజ వీధి అని పెట్టుకున్నట్టు. 1871లో కట్టిన జర్మన్ స్కూలు ఇప్పుడు మ్యూజియం.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ భాష మీద అనుమానం పెరిగింది, బహిరంగంగా మాట్లాడడం తగ్గింది. 1920లో మద్యనిషేధం వచ్చి తోటలు కూడా పోయాయి. 1847 నాటి స్టోన్ హిల్ వైనరీ నేలమాళిగల్లో పుట్టగొడుగులు పెంచారు. 1965లో ఒక కుటుంబం మళ్ళీ ద్రాక్షకు మళ్ళించింది. తీగ తిరిగి వచ్చింది. భాష తిరిగి రాలేదు.

ఆ రాత్రి మా అమ్మాయి తనంతట తానే నానమ్మకు ఫోను చేసింది. ముల్లు సంగతి, తాతగారి ట్యూబు సంగతి, ఆవు సంగతి తెలుగులోనే చెప్పింది. మధ్యమధ్య తడుముకుంది, క్రియలు తలకిందులయ్యాయి, నేను అందించబోతే చెయ్యి అడ్డుపెట్టింది. పదకొండు నిమిషాలు. మా అమ్మ ఈసారి నవ్వలేదు, ఫోను పెట్టనివ్వలేదు.

మీరూ వెళ్ళాలనుకుంటే

పిల్లలతో మొదటిసారి అయితే డిఫయన్స్ నుంచి అగస్టా దాకా ఏడు మైళ్ళు చాలు. వసంతం, అక్టోబరు మంచి కాలాలు. వాన పడ్డ మర్నాడు దారి మెత్తగా ఉంటుంది. మార్థాస్‌విల్ దాటాక దుకాణాలు తక్కువ, నీళ్ళు ముందే నింపుకోండి. ద్రాక్షసారా రుచి చూసేవాళ్ళు ఆ రోజుకు సైకిలు పక్కన పెట్టేయండి. హెల్మెట్ పిల్లలకే కాదు, మనకూ కావాలి.

అన్నిటికంటే ముందు, స్పేరు ట్యూబు గరాజులో మరిచిపోకండి. పిల్లలతో మాట్లాడడానికి మాత్రం సిగ్నలు లేని చోటే మేలు.