పైకాన్ ఇండియా

పైకాన్ ఇండియా భారతదేశములో ఏటా జరిగే పైథాన్ ప్రోగ్రామింగు భాష సదస్సు. పైథాన్ స్వేచ్ఛా సాఫ్టువేరు. దాని సోర్సు కోడును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును.

చరిత్ర

మొదటి సదస్సు 2009 సెప్టెంబరులో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగినది. తరువాత పూణే, ఢిల్లీ, చెన్నై కూడా వేదికలైనవి. 2018లోను, 2023లోను హైదరాబాదులో జరిగినది. కోవిడ్ కారణముగా 2020లో ఆన్‌లైనులో నిర్వహించిరి.

ప్రసంగముల ఎంపిక

ప్రసంగించదలచినవారు ముందుగా ప్రతిపాదన పంపవలెను. అందులో విషయ సారాంశము, శ్రోతలకు ముందే తెలిసి ఉండవలసిన అంశములు, వక్త పరిచయము ఉండును. ఇందుకొరకు నిర్వాహకులు జంక్షన్ అను వెబ్ అప్లికేషనును పలు సంవత్సరములు వాడిరి. ఇది కూడా జాంగోతో నిర్మించిన స్వేచ్ఛా సాఫ్టువేరే. అందులో ప్రతిపాదనలు అందరికీ కనిపించెడివి. పాఠకులు వ్యాఖ్యలు వ్రాసి, ఓటు వేయగలిగెడివారు. పిదప సమీక్షకులు ఎంపిక చేయుదురు. కావున మార్కాపురము, గిద్దలూరు వంటి పట్టణముల విద్యార్థులు సైతము పాత ప్రతిపాదనలు చదివి, అవి ఎట్లు వ్రాయవలెనో నేర్చుకొనవచ్చును.

వెబ్ అప్లికేషన్లు

డేటాబేసు, లాగిన్, ఫారములు వంటి పనులు అనేక వెబ్ అప్లికేషన్లలో అవసరము. వీటిని మరల మరల వ్రాయకుండ ఫ్రేమ్‌వర్కులు తోడ్పడును. జాంగో రూపకర్తలలో ఒకరైన జేకబ్ కాప్లాన్-మాస్ 2012లోను, ఫ్లాస్క్ రూపకర్త ఆర్మిన్ రోనాకర్ 2018లో హైదరాబాదులోను కీలకోపన్యాసములు ఇచ్చిరి.

పురస్కారము

2012లో మరణించిన జాంగో ప్రోగ్రామరు కెన్నెత్ గొన్సాల్వెస్ స్మారకముగా, భారతదేశములో పైథాన్ వ్యాప్తికి కృషి చేసినవారికి ఈ సదస్సులో పురస్కారము ఇచ్చుచున్నారు.