స్తంభానికి బలం కొసల పట్టు

ఇల్లు కట్టించేవాళ్ళు స్తంభం ఎంత లావుండాలని అడుగుతారు, ఎంత ఎత్తని అడుగుతారు. దాని కింది కొసనూ పై కొసనూ ఏది పట్టుకొని ఉందని అడిగేవాళ్ళు తక్కువ. నేను బి.ఎస్సీ. విద్యార్థిని, ఇంజనీరును కాను. అయినా మా కొత్తూరు చుట్టూ గోదాములు, షెడ్లు, మేడలు లేస్తూనే ఉన్నాయి. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచిన కాడి నుంచి మా దిక్కు భూముల్లో జొన్నకంటే స్తంభాలే ఎక్కువ మొలుస్తున్నాయని మా నాయిన నవ్వుతుంటాడు. అందుకే ఈ సంగతి రాయాలనిపించింది.

వేయిస్తంభాల గుడిలోని స్తంభం పొట్టిది, లావుది. మోత మించితే అది నలగాలే తప్ప వంగదు. పొడవాటి సన్నకర్ర అట్లా కాదు. నలగడానికి చాలా ముందే పక్కకు విల్లులా వంగిపోతుంది. దీన్నే బక్లింగ్ అంటారు. ఇందులో ఉన్న మోసం ఏమిటంటే, హద్దు వచ్చేదాకా కర్ర నిటారుగా, బుద్ధిమంతునిలా నిలబడే ఉంటుంది. హద్దు దాటిందో, ఇక నిలవదు.

ఆ హద్దును స్విట్జర్లాండులో పుట్టిన గణితవేత్త ఆయిలర్ 1744లోనే లెక్కగట్టాడు. యంగ్ గుణకాన్ని జడత్వ భ్రామకంతోనూ, పై విలువ వర్గంతోనూ గుణించి, పొడవు వర్గంతో భాగిస్తే సందిగ్ధ భారం వస్తుంది. ఈ సూత్రంలో కర్ర ఎంత మోతకు నలుగుతుందన్న మాటే లేదు, చూడండి! ఎంత బిర్రుగా ఉందన్నదీ, ఎంత పొడవన్నదీ మాత్రమే ఉన్నాయి. ఆ పొడవు కూడా మనం టేపుతో కొలిచే పొడవు కాదు. అసలు కిటుకంతా అక్కడే.

ఫిజిక్స్ ల్యాబులోని మీటరు స్కేలును రెండు అరచేతుల మధ్య నిలువుగా పెట్టి మెల్లగా నొక్కండి. కొసలు తిరగగలవు గాని పక్కకు జరగలేవు, తలుపు మడతబందు మాదిరిగా. స్కేలు ఒక్క విల్లుగా వంగుతుంది. ఇక్కడ లెక్కలోకొచ్చే పొడవు అసలు పొడవే. ఇప్పుడు కొసలు రెంటినీ తిరగకుండా బిగించారనుకోండి, లెక్కలోకొచ్చేది సగం పొడవే. వర్గం కదా, బలం 4 రెట్లు! ఒక కొస బిగించి, ఒక కొస బందు చేస్తే ఇంచుమించు 2 రెట్లు. కింద బిగించి పైకొసను గాలికి వదిలేస్తే పొడవు రెట్టింపై బలం నాలుగో వంతుకు పడిపోతుంది. స్కేలు అదే, చెక్క అదే. బందు కొసల స్కేలును స్నేహితుడు నడుమ రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకున్నా చాలు, మళ్ళీ 4 రెట్లు.

రైతులకు ఇది సూత్రం లేకుండానే తెలుసు. కాకర పందిరి గుంజను భూమిలో పాతి వదిలేయరు. తలలన్నింటినీ తీగలతో నాలుగు దిక్కులా లాగి కడతారు. లెక్క ప్రకారం పైకొస పక్కకు జరగకుండా ఆగితే, అదే గుంజ 8 రెట్లు మోయగలదు.

ఇక స్లాబు సంగతి. మా చిన్నాయన పొలం పని లేని రోజుల్లో సెంట్రింగ్ పనికి పోతాడు. పైన కాంక్రీటు పోస్తుంటే కింద తిరుగుతూ కర్రలను తట్టి చూసేది ఆయనే. "చప్పుడుల్నే తెలుస్తదిరా, ఏది మోస్తుందో, ఏది ఉత్తగ నిలబడ్డదో" అంటాడు. ఆయన నెత్తి మీద ఉన్నదేమిటో లెక్క వేసి చూశాను.

3 మీటర్ల ఎత్తు, 7.5 సెంటీమీటర్ల లావున్న కర్ర తీసుకుందాం. యంగ్ గుణకం చదరపు మీటరుకు సుమారు 1000 కోట్ల న్యూటన్లు అనుకుందాం. అది నలగాలంటే 10 టన్నుల పైమాటే. కొసలు రెండూ బందులైతే వంగే హద్దు 1.7 టన్నులు. 5 అంగుళాల స్లాబు కింద మీటరుకొకటి చొప్పున కర్రలు పెడితే, ఒక్కో కర్ర మీద పడేది 300 కిలోల పైచిలుకు. రేకులు, మనుషులు, ఒకచోట కుప్పపోసిన కాంక్రీటు కలిపితే 400, 500 అనుకోండి. 1.7 టన్నుల ముందు ఇది ఏపాటి!

కాని ఆ 1.7 టన్నులు పైకొస పక్కకు జరగదన్న షరతు మీద వచ్చిన అంకె. పైనున్న రేకులూ పలకలూ అన్నీ కలిసి ఒకవైపు ఊగగలిగితే, కింద గట్టిగా పాతిన కర్రకు సైతం హద్దు 425 కిలోలే. మన కర్రలను పాతరు కూడా. ఇటుక మీదనో, చెక్కముక్క మీదనో ఊరికే నిలబెడతారు. పాతని కర్రకు, ఐమూల కట్టు గాని గోడ ఆసరా గాని లేకపోతే, ఆ 425 సైతం దక్కదు.

పోయినేడు ఒక మేడ దగ్గర చూశాను, ఎవరిదన్నది అనవసరం. కొత్తగా పోసిన మొరం మీద, తడిసిన నేల మీద కర్రలు నిలబెట్టారు. అడ్డకట్టు ఒక్కటీ లేదు. అడిగితే మేస్త్రి "కర్రలు లావుగ ఉన్నయి, ఏం గాదు" అన్నాడు. నాకు మాత్రం లావు మీద పెట్టిన డబ్బులో కొంత నడుమ ఒక వరుస అడ్డకర్రలకూ, మూలలకు ఐమూల కర్రలకూ, కింద వెడల్పాటి పలకలకూ పెట్టి ఉంటే బాగుండేదనిపించింది. అడ్డవరుస సైతం ఐమూలగానో, గోడకో కట్టి ఉండాలి. లేకుంటే కర్రలన్నీ చేతులు పట్టుకొని ఒకే దిక్కుకు వంగుతాయి.

కట్టడం పూర్తయ్యాక ఉండే స్తంభాలకూ ఇదే లెక్క. రెండు కొసలూ బిగించిన స్తంభానికి పుస్తకంలో 0.5 అని ఉంటే, మన ఐ.ఎస్. 456 మాత్రం 0.65 తీసుకోమంటుంది. ఏ బిగింపూ సంపూర్ణం కాదు గదా! మా ఊరి షెడ్ల ఇనుప స్తంభాల అడుగున బోల్టులు చూడండి. స్తంభం నడుమ దగ్గరదగ్గరగా రెండే ఉంటే డిజైనర్లు సాధారణంగా దాన్ని బందుగానే లెక్కగడతారు. దూరదూరంగా నాలుగు, మందమైన పలక, కదలని పునాది ఉంటేనే బిగింపు. కింద నల్లరేగడి ఉండి పునాది తిరుగుతుంటే, బోల్టులు ఎన్ని ఉన్నా అది బందు వైపుకే జారుతుంది.