పేటెంటు దరఖాస్తు : ఎంతకాలము గుట్టు, ఎప్పటినుండి బయలు?

సహకార సంఘ సభ్యులగు రైతు సోదరులకు ఈ మాసమున ఒక క్రొత్త విషయమును మనవి చేయుచున్నాము. విత్తనశుద్ధిని గూర్చియు, ఎరువులను గూర్చియు, చీడపీడలను గూర్చియు మేము తఱచు వ్రాయుచుందుము. ఇది పొలములో నడచు పని కాదు, కచేరిలో నడచు పని. అయినను దీనిని ఎఱుగకపోవుటచేత రైతు ఒక్కొకప్పుడు తన సొమ్మును, ఒక్కొకప్పుడు తన తెలివికి రావలసిన ఫలమును పోగొట్టుకొనుచున్నాడు.

గ్రామములలో మమ్ములను అడుగుచుండు ప్రశ్నలు రెండు కలవు. కలుపుతీయు పరికరమునో, మందు చల్లు పంపునో అమ్మవచ్చినవారు “దీనికి పేటెంటు దరఖాస్తు చేసియున్నాము” అని అట్టపై అచ్చువేసి ధర హెచ్చుగా చెప్పుదురు. అది నిజమో కాదో తెలిసికొనుట యెట్లు? ఇది మొదటిది. మా యూరి కమ్మరి చేసిన గొఱ్ఱు చక్కగా పనిచేయుచున్నది. దానిని పరులు కాజేయకుండ ఏమి చేయవలయును? ఇది రెండవది. ఈ రెంటికిని సమాధానము ఒక్కచోటనే యున్నది. పేటెంటు దరఖాస్తు కొంతకాలము గుట్టుగా నుండును. పిమ్మట అందఱికిని బయలగును. ఆ హద్దు ఎచ్చట నున్నదో తెలిసినచో రెండు చిక్కులును విడిపోవును.

పేటెంటనగా నేమి?

క్రొత్త యంత్రమునుగాని, వస్తువును చేయు క్రొత్త పద్ధతినిగాని కల్పించినవానికి, దానిని చేయుటకును అమ్ముకొనుటకును ప్రభుత్వము కొంతకాలము ఇచ్చు ప్రత్యేకమైన హక్కే పేటెంటు. మన దేశమున దీనికి ఆధారము 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము. హక్కు దరఖాస్తు తేదీ మొదలు ఇరువది యేండ్లు నిలుచును. ఇది ఉచితముగా వచ్చు వరము కాదు, ఒక ఒడంబడిక. “నీ కల్పనను దాచక లోకమునకు వివరింపుము, అందులకు ప్రతిగా ఇరువది యేండ్లు నీకు హక్కు నిచ్చెదము” అనుటయే దీని సారము. పేటెంటను మాటకు మూలమగు లాటిను పదమునకు ‘తెఱచియున్నది’ అని యర్థము. పూర్వము రాజులు ముద్ర వ్రేలాడదీసి, ఎవరైనను చదువుకొనునట్లు మడవక ఇచ్చిన పత్రములకు ఆ పేరు వచ్చినది. కావున బయలుపఱచుట పేటెంటు పుట్టుకలోనే యున్నది.

పదునెనిమిది మాసముల గుట్టు

దరఖాస్తు పెట్టిన దినముననే దానిని లోకమునకు చూపినచో, కల్పించినవాడు నష్టపడును. పరిశీలన ముగియలేదు, హక్కు చేతికి రాలేదు, ఇంతలో ధనవంతుడొకడు దానిని చూచి నూఱు యంత్రములు చేసి సంతలో పెట్టవచ్చును. అందువలన దరఖాస్తు తేదీ మొదలు పదునెనిమిది మాసములవఱకు దానిని సామాన్యముగా ఎవరికిని చూపరాదని చట్టములోని 11ఏ విభాగము విధించుచున్నది. అదే కల్పనకు అంతకుముందు వేఱొకచోట దరఖాస్తు పెట్టియున్నచో, ఆ మొదటి తేదీనుండియే లెక్క. మన చట్టమున ఈ యేర్పాటు 2003వ సంవత్సరము మే నెలనుండి అమలులో నున్నది.

గడువు నిండిన పిమ్మట, మామూలుగా ఒక మాసములోపల, ఆ దరఖాస్తు పేటెంటు కార్యాలయమువారి అధికార పత్రికలో ప్రకటింపబడును. ఈ పత్రిక ప్రతి శుక్రవారమును వెలువడును. అందులో దరఖాస్తు సంఖ్య, తేదీ, దరఖాస్తుదారుని పేరు, చిరునామా, కల్పన యొక్క సంగ్రహము ఉండును. నాటినుండి పూర్తి వివరణ పత్రమును ఎవరైనను చూడవచ్చును. త్వరగా ప్రకటింపుమని దరఖాస్తుదారుడే కోరి, రుసుము చెల్లించినచో ముందుగానే ప్రకటింతురు.

గడువు నిండినను కొన్ని దరఖాస్తులు బయటకు రావు. దేశరక్షణకు సంబంధించినవని ప్రభుత్వము రహస్యముగా నుంచుమని ఆజ్ఞాపించినవి. తాత్కాలిక వివరణముతో దరఖాస్తు పెట్టి, పండ్రెండు మాసములలో పూర్తి వివరణము పెట్టక విడిచినవి. గడువునకు మూడు మాసములు ముందుగా దరఖాస్తుదారుడే వెనుకకు తీసికొన్నవి. ఈ చివరిది బీదవానికి మేలు చేయు నియమము. తన కల్పనలో లోపము కనబడినచో, పదునైదు మాసములు దాటకముందే దరఖాస్తును వెనుకకు తీసికొని, గుట్టు బయటపడకుండ సరిదిద్దుకొనవచ్చును.

మన విత్తనము సంగతియు ఇట్టిదే కదా! మట్టిలో నున్నంతకాలము దానిని త్రవ్వి చూడము. మొలకెత్తిన పిమ్మట గట్టున పోవువాడెవడైనను చూచును.

బయలుపడుటవలన ప్రజకు లాభము

ప్రకటన జరిగిన పిమ్మట, పేటెంటు ఇచ్చుటకు పూర్వము, దానికి అభ్యంతరము చెప్పుటకు ఎవరికైనను హక్కు కలదు. పెద్ద కంపెనీయే కానక్కఱలేదు; రైతైనను సరే, సంఘమైనను సరే. చట్టములోని 25వ విభాగము ఈ హక్కు నిచ్చుచున్నది. ప్రకటన తేదీనుండి ఆఱు మాసములు గడువనిదే పేటెంటు ఈయరాదని నియమము. అభ్యంతరమును 7ఏ నమూనాలో వ్రాసి, ఆధారములు జతపఱచి పంపవలయును. 2024వ సంవత్సరపు సవరణ మొదలు దీనికి రుసుము కలదు. “ఈ పద్ధతి మా ప్రాంతమున ముందునుండియే వాడుకలో నున్నది, నోటిమాటగా అందఱు నెఱిగినదే” అనుటయు చట్టము ఒప్పుకొనిన అభ్యంతరములలో నొకటి. సేద్యపు పద్ధతులకును, మొక్కలకును, విత్తనములకును మన దేశమున అసలే పేటెంటు లేదు.

ఈ హక్కు లేనిచోట ఏమి జరుగునో పసుపు కథ చెప్పుచున్నది. దుగ్గిరాలలోను, నిజామాబాదులోను పసుపు అమ్ముకొను మన రైతులకు పసుపు గాయమును మాన్పునని ఎవరైనను చెప్పవలయునా? అయినను 1993 డిసెంబరులో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము తరఫున, గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై దరఖాస్తు దాఖలైనది. అప్పటి అమెరికా చట్టము ప్రకారము, పేటెంటు ఇచ్చువఱకు దరఖాస్తు పూర్తిగా రహస్యము. కావున 1995 మార్చిలో పేటెంటు వెలువడువఱకు మన దేశమువారికి సంగతి తెలియు మార్గమే లేదు. 1996లో మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పునఃపరిశీలనను కోరి, ప్రాచీన గ్రంథములతోను 1953లో అచ్చయిన ఒక వైద్యపత్రిక వ్యాసముతోను సహా 32 ఆధారములను చూపెను. 1997లో ఆ హక్కులన్నియు నిరాకరింపబడినవి. పిమ్మట అమెరికావారును తమ చట్టమును మార్చుకొనిరి. 2000 నవంబరు 29వ తేదీ మొదలు పెట్టిన దరఖాస్తులను అచ్చటను పదునెనిమిది మాసములకు ప్రకటించుచున్నారు. ఇతర దేశములలో దరఖాస్తు పెట్టనని చెప్పినవారు మాత్రము దానిని తప్పించుకొనవచ్చును.

ఇక వేప కథ వేఱు. వేపనూనెతో మొక్కల బూజు తెగుళ్లను అరికట్టు పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖయు, డబ్ల్యు. ఆర్. గ్రేస్ అను కంపెనీయు కలిసి 1990లో ఐరోపా పేటెంటు కార్యాలయమున దరఖాస్తు పెట్టిరి. ఐరోపాలో పదునెనిమిది మాసముల ప్రకటన ముందునుండియే యున్నది గనుక, ఆ దరఖాస్తు 1991లోనే బయలైనది. ఇది తగదని వ్రాసి పంపుటకు అప్పటినుండియు ఎవరికైనను వీలుండెను. అయినను 1994లో పేటెంటు వచ్చినది. 1995లో వందనాశివగారి సంస్థయు, ఐరోపా పార్లమెంటులోని హరితపక్షమువారును, సేంద్రియ వ్యవసాయ సంఘముల అంతర్జాతీయ సమాఖ్యయు కలిసి అభ్యంతరము దాఖలు చేసిరి. 1985, 1986 సంవత్సరములలోనే పుణె, సాంగ్లి జిల్లాల పొలములలో అట్టి మందును చల్లి చూచితిమని మన దేశమునుండి వెళ్లిన సాక్షి చెప్పెను. 2000లో పేటెంటు రద్దయ్యెను. వారి అప్పీలు 2005 మార్చిలో కొట్టివేయబడెను. పదియేండ్ల వ్యాజ్యము! తలుపు తెఱచియున్నంత మాత్రమున చాలదు. లోపలికి చూచువాడును ఉండవలయునని ఈ కథవలన మనము నేర్వవలయును.

అమ్మువాడు చెప్పినపుడు ఏమి చేయవలయును?

పొలము కొనునపుడు రిజిస్ట్రారు కచేరిలో ఈ.సి. తీయించి, తాకట్టు ఉన్నదో లేదో చూచుకొందుము గదా! పేటెంటు మాట చెప్పి సరకు అమ్మువానియెడలను అట్లే చేయవలయును.

మొదట దరఖాస్తు సంఖ్యను అడుగుడు. అడుగనిదే అమ్మయైన పెట్టదు. నిజముగా దరఖాస్తు పెట్టినవానికి సంఖ్యయు తేదీయు ఉండి తీరును. 2016 మొదలు ఈ సంఖ్యకు పండ్రెండంకెలు. మొదటి నాలుగును సంవత్సరమును తెలుపును. అయిదవది కార్యాలయమును తెలుపును. ఢిల్లీకి 1, ముంబైకి 2, కోల్కతాకు 3, చెన్నైకి 4. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారి దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకే చెందును.

పిదప ఆ సంఖ్యను సంఘపు కార్యదర్శికిగాని, కంప్యూటరు తెలిసిన మీ యింటి పిల్లవానికిగాని ఇండు. పేటెంటు కార్యాలయమువారి వెబ్‌సైటులో రుసుము లేకయే దరఖాస్తు స్థితి కనబడును. ప్రకటితమైనదా, పరిశీలనలో నున్నదా, పేటెంటు వచ్చినదా, నిరాకరింపబడినదా, విడువబడినదా తెలియును. కార్యాలయమునుండియే వ్రాతమూలముగా కావలయునన్నచో, 153వ విభాగము ప్రకారము రుసుము చెల్లించి కోరవచ్చును. ప్రకటన ఎప్పుడు జరిగినదో, ఏటేట కట్టవలసిన రుసుము కట్టిరో లేదో వారు తెలుపుదురు. ఆ రుసుము కట్టక హక్కు జాఱిపోయిన పేటెంట్లును కలవు.

ఇచ్చట రెండు జాగ్రత్తలు చెప్పవలసియున్నది. దరఖాస్తు పెట్టి పదునెనిమిది మాసములు కానిచో వివరములు కనబడవు; అంతమాత్రమున అమ్మువానిని అబద్ధికుడనరాదు. అట్లే, దరఖాస్తు పేటెంటు కాదు. పేటెంటు వచ్చువఱకు అతడు ఎవరిపైనను దావా వేయలేడు. అయితే పేటెంటు వచ్చిన పిమ్మట అతని హక్కు ప్రకటన తేదీనుండియే లెక్కకు వచ్చును గనుక, ప్రకటితమైన కల్పనను చూచి చేసి అమ్ముకొను కమ్మరి ఆలోచించి అడుగువేయవలయును. ఇక దరఖాస్తే లేక “దరఖాస్తు చేసినాము” అని అచ్చువేయుట 120వ విభాగము ప్రకారము తప్పు. 2023లో చేసిన చట్టసవరణచే దానికి పది లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. ఏమైనను, దరఖాస్తు అను మాట సరకు మంచిదనుటకు సాక్ష్యము కాదు. పొలములో పనిచేయించి చూచియే కొనుడు.

మన కల్పనను కాపాడుకొనుట

తల్లి చేతుల శ్రమను తగ్గింపవలెనని ఆసుయంత్రమును నిర్మించిన ఆలేరు ప్రాంతపు చేనేతకారుడు చింతకింది మల్లేశముగారికి 2017లో పద్మశ్రీ లభించినది. ఇట్టి తెలివి మన గ్రామములలో కఱవు లేదు. గుట్టు నిలుపుకొను నేర్పే కఱవు. కమ్మరి యొకడు క్రొత్తరకము గొఱ్ఱు చేసి, సంతోషముతో దానిని తిరునాళ్లలో పదిమంది యెదుట నడిపించి, పత్రికలో పటము వేయించి, ఆ పిమ్మట దరఖాస్తు పెట్టుననుకొందము. అది అప్పటికే లోకమునకు తెలిసినది గనుక క్రొత్తది కాదని నిరాకరింపవచ్చును. కొన్ని ప్రదర్శనలకు ప్రభుత్వము ప్రత్యేకముగా మినహాయింపు నిచ్చునుగాని, దానిని నమ్ముకొని కూర్చుండుట క్షేమము కాదు. ముందు దరఖాస్తు, తరువాత ప్రదర్శన. ఇది మఱువరానిది.

పూర్తి వివరణము సిద్ధముగా లేనిచో తాత్కాలిక వివరణముతో దరఖాస్తు పెట్టి తేదీ సంపాదించుకొనవచ్చును. పండ్రెండు మాసములలో పూర్తి వివరణము పెట్టవలయును. వ్యక్తులకు దరఖాస్తు రుసుము తక్కువగనే యుంచిరి. జాతీయ నవకల్పన సంస్థ అను ప్రభుత్వ సంస్థ గ్రామీణ కల్పకులకు ఈ పనిలో తోడ్పడుచున్నది. దరఖాస్తు పెట్టువఱకు పరికరమును చూచినవారి పేర్లను వ్రాసి యుంచుకొనుటయు, వారివద్ద గుట్టు కాపాడుదుమని వ్రాతమూలముగా మాట తీసికొనుటయు మంచిది.

విత్తన రకముల విషయము 2001వ సంవత్సరపు వంగడముల రక్షణ, రైతు హక్కుల చట్టముక్రింద వేఱుగా నడచును. అచ్చటను అంగీకరించిన దరఖాస్తును ప్రకటింతురు. మూడు మాసములలోపల ఎవరైనను అభ్యంతరము చెప్పవచ్చును.

సంఘములకు మా సూచన

ఒంటరి రైతు ప్రతి శుక్రవారమును పత్రికను చూడజాలడు. కాని సంఘము చూడగలదు. మాసమునకొక పర్యాయము కార్యదర్శి కూర్చుండి, వేప, పసుపు, కానుగ, వరి, వేరుసెనగ మొదలగు మన పంటల పేర్లతో క్రొత్తగా ప్రకటితమైన దరఖాస్తులను వెదకి, సభ్యుల సమావేశమున చదివి వినిపింపవలయును. మన పెద్దలు వాడుచు వచ్చిన మందుగాని, పద్ధతిగాని అందు కనబడినచో, ఆఱు మాసములు గడువకముందే సాక్ష్యములు సమకూర్చి, సమీపమునగల వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి సలహాతో అభ్యంతరము పంపవలయును. పూర్వపు కరపత్రములు, సంఘపు తీర్మానములు, తేదీ గల ఛాయాచిత్రములు సాక్ష్యములగును గనుక వానిని చెదలుపట్టనీయక భద్రపఱచుడు.

మన కల్పన మొలకెత్తువఱకు నోరు మూసికొందము; పరుల దరఖాస్తు బయలైన దినమున కన్నులు తెఱతము. చట్టము రెంటికిని తావిచ్చినది. వాడుకొనుట మన చేతిలో నున్నది.