ట్రాక్టరు ఇంజను పట్టేస్తే... బోరు చేయించాలా? మార్చాలా?

దమ్ము జోరుగా సాగుతున్న రోజుల్లో ట్రాక్టరు ఇంజను పట్టేస్తే ఆ రైతు ఇంట్లో రాత్రికి నిద్ర ఉండదు. ఒక పక్క నారు ముదురుతూ ఉంటుంది. కాలువ నీటి వంతు దాటిపోతుంది. నాలుగు ఊళ్ల రైతులకు ‘రేపు వస్తాం’ అని చెప్పిన మాట ఉంటుంది. వీటన్నిటికీ తోడు కిస్తీ కట్టాల్సిన తేదీ ఉంటుంది. ఈ తొందరలో నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. ‘బోరు చేయించు, మళ్లీ కొత్తదైపోతుంది’ అని ఒకరంటారు. ‘పాత ఇంజను ఒకటి బేరానికి ఉంది, రెండు రోజుల్లో బిగించేయవచ్చు’ అని ఇంకొకరు ఆశ పెడతారు. ‘ఇనుము కింద తూచి పారేసి కొత్త బండి తెచ్చుకో’ అని మరొకరు తేల్చేస్తారు.

మూడింటిలో ఏదైనా సరైనదే కావచ్చు, తప్పూ కావచ్చు. లోపల ఏది పోయిందో, ఎందుకు పోయిందో తెలియకుండా ఏ దారి పట్టినా డబ్బు రెండుసార్లు పోతుంది.

ముందు రోగం తేలాలి

బండి ఆగిన ప్రతిసారీ ఇంజను పోయినట్టు కాదు. డీజిలు ఫిల్టరు మూసుకుపోయినా, పైపులో గాలి చేరినా ఇంజను ఆగిపోతుంది. నోజిల్ చెడిపోతే నల్లపొగ వస్తుంది, బలం తగ్గుతుంది. ఇవి చిన్న మరమ్మతులు. వీటికి ఇంజను విప్పనవసరం లేదు.

విప్పక ముందే చూడదగ్గ గుర్తులు కొన్ని ఉన్నాయి. ఆయిలు తెల్లగా, మజ్జిగలా మారితే అందులో నీరు కలిసిందన్నమాట. హెడ్డు గాస్కెట్ పోయి ఉండవచ్చు, లైనరు అడుగున ఉండే రబ్బరు రింగులు పోయి ఉండవచ్చు, ఎక్కడైనా చీలిక ఉండవచ్చు. ఆయిలు వడగట్టినప్పుడు మెరిసే లోహపు పొట్టు కనిపిస్తే బేరింగులు అరిగినట్టు. నీలిపొగ వస్తూ, ఆయిలు మాటిమాటికీ తగ్గిపోతూ, బ్రీదరు గొట్టం నుంచి కూడా పొగ తన్నుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయినట్టు.

ఇంజను బిగుసుకుపోతే సెల్ఫు కొట్టి గానీ, ఇంకో ట్రాక్టరుతో లాగించి గానీ తిప్పాలని చూడకూడదు. సిలిండరులో నీరు చేరి ఉంటే అది నలగదు. పిస్టన్ పైకి వచ్చి నీటికి కొట్టుకోవడంతో కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. ముందు నోజిళ్లు విప్పి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానరు వేసి చేత్తో నిదానంగా తిప్పి చూడాలి. పది నిమిషాల ఓర్పుతో ఒక రాడ్డు ఖర్చు తప్పుతుంది.

బ్లాకు, క్రాంకు బాగుంటే...

ఇంజను విప్పిన రోజు యజమాని దగ్గర ఉండడం మంచిది. అప్పుడు చూడవలసినవి ముఖ్యంగా రెండు: బ్లాకు, క్రాంకు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు, వాల్వులు అరిగిపోయేవే. వాటిని మార్చడానికే కంపెనీలు విడిగా అమ్ముతాయి. బ్లాకు, క్రాంకు నిలబడితే ఇంజను నిలబడినట్టే.

క్రాంకు జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిపించాలి. అరుగుదల, గీతలు ఉంటే లేత్ షాపులో గ్రైండింగ్ చేసి 0.25 మిల్లీమీటర్లు, 0.50 మిల్లీమీటర్లు... ఇలా మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. దానికి సరిపోయే అండర్ సైజు బేరింగులు వేస్తారు. ఎన్ని మెట్ల వరకు తగ్గించవచ్చో కంపెనీ చెప్పే హద్దు ఉంటుంది. ఇంతకు ముందే ఆఖరి మెట్టుకు చేరిన క్రాంకును మళ్లీ రుద్దించడం కుదరదు. వేడికి నీలం రంగు తిరిగిన క్రాంకును చీలిక పరీక్ష చేయించకుండా వాడకూడదు.

బ్లాకులో చీలిక ఉన్నా, రాడ్డు విరిగి గోడను పగలగొట్టినా బోరు మాట కట్టిపెట్టడమే మంచిది. పోత ఇనుముకు వెల్డింగు పెట్టేవారు ఉన్నారు. కానీ ట్రాక్టరు విషయంలో దాన్ని నమ్ముకోవడం కష్టం. కారణం ట్రాక్టరు కట్టుబడిలోనే ఉంది.

ట్రాక్టరుకు ఇంజనే వెన్నెముక

జీపుకు, వ్యానుకు అడుగున ఛాసిస్ ఉంటుంది. ఇంజను దాని మీద కూర్చుంటుంది. కొద్దిపాటి మార్పులతో వేరే ఇంజను కూర్చోబెట్టినా బండి నడుస్తుంది. మామూలు వ్యవసాయ ట్రాక్టర్లలో చాలావాటికి అలాంటి ఛాసిస్ ఉండదు. ముందు ఇంజను, వెనుక క్లచ్ హౌసింగు, ఆపైన గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. నాగలి లాగే బరువు, ట్రక్కు బరువు, గతుకుల అదురు అన్నీ ఇంజను బ్లాకు మీదుగానే ముందుకు పోతాయి. వెల్డింగు పెట్టిన బ్లాకు ఆ అదురుకు ఎన్నాళ్లు ఆగుతుందో ఎవరూ పూచీ పడలేరు.

ఇందువల్లే వేరే రకం ఇంజను తెచ్చి బిగించడం కూడా కుదరదు. అదే కంపెనీ, అదే మోడలు ఇంజను దొరకాలి. ఇంజను మార్చాలంటే ట్రాక్టరును నడుం దగ్గర రెండుగా విడదీయాలి. విడదీసినప్పుడు క్లచ్ ప్లేటు, వెనుక ఆయిల్ సీలు కూడా చూసుకుంటే మళ్లీ ఆ కూలి తప్పుతుంది.

పాత ఇంజనుతో పొంచి ఉన్న చిక్కు

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విప్పిన బండ్ల ఇంజన్లు అమ్మకానికి దొరుకుతాయి. పని తొందరగా అవుతుంది, ధర కూడా తక్కువే. కానీ అది ఎన్ని గంటలు తిరిగిందో, దాని పాత యజమాని ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చాడో చెప్పేవారు ఉండరు. ‘పాత ఇంజను ఇనుమే వేరు’ అనే మాటకు లొంగిపోతే చచ్చినోడి కళ్లు చారెడు అన్నట్టే. నడిపించి చూపించమని అడగాలి. వేడెక్కాక ఆయిలు ప్రెషరు నిలుస్తుందా, బ్రీదరు నుంచి పొగ వస్తుందా చూడాలి. నడిపించి చూపించలేకపోతే కనీసం సంపు విప్పి బేరింగులు చూడాలి.

ఇంకో చిక్కు కాగితాలది. ఇంజను నంబరు బ్లాకు మీద ఉంటుంది, అదే ఆర్.సి.లోనూ ఉంటుంది. పిస్టన్లు, క్రాంకు మార్చినా నంబరు మారదు. బ్లాకు మారితే మారుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి సంగతి కనుక్కోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చిన 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి, రుసుము కట్టి, ఆర్.సి.లో రాయించుకోవాలి. బండి మీద అప్పు ఉంటే ఇచ్చినవారి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి. బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. అమ్మేవారి దగ్గర బిల్లు, ఆ ఇంజను వచ్చిన బండి కాగితాల నకలు తీసుకోకపోతే, అది దొంగ సొత్తని తేలిన రోజు జవాబు చెప్పుకోవలసింది కొన్న రైతే.

లెక్క ఇలా వేయాలి

‘ఎంత అవుతుంది?’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఎన్ని గంటల పని వస్తుంది?’ అని కూడా వేసుకోవాలి. లెక్క తీరు తెలియడానికి ఒక ఉదాహరణ: బోరుకు 90 వేలు ఖర్చయి 3,000 గంటలు నడిస్తే గంటకు 30 రూపాయలు పడుతుంది. పాత ఇంజను 60 వేలకే వచ్చి 1,000 గంటల్లో మొరాయిస్తే గంటకు 60 రూపాయలు. 2 లక్షల కొత్త ఇంజను 6,000 గంటలు పనిచేస్తే గంటకు 33 రూపాయల పైచిలుకు. అయితే గేరుబాక్సు, హైడ్రాలిక్కులు, వెనుక యాక్సిలు ఇంకో 2,000 గంటలకే పడిపోయేలా ఉంటే ఆ కొత్త ఇంజను లెక్క గంటకు 100 రూపాయలవుతుంది. ముసలి ఎద్దుకు కొత్త గిట్టలు తొడిగినట్టు ఉంటుంది. ఈ అంకెల స్థానంలో ఎవరి అంచనాలు వారు వేసుకోవాలి.

అమ్మేయాలన్నా ఇదే తీరు. పట్టేసిన బండికి వచ్చే ధర, నడిచే బండికి వచ్చే ధర రెండూ వాకబు చేయాలి. ఆ తేడా కంటే మరమ్మతు ఖర్చు తక్కువైతే బాగు చేయించే అమ్మాలి. ఎక్కువైతే ఉన్నపళంగా అమ్మడమే లాభం. ఇంతకుముందు పెట్టిన ఖర్చును ఈ లెక్కలోకి తేకూడదు. అది పోయిన డబ్బే.

పని సీజను మధ్యలో వస్తే ఉన్న పొలానికి అద్దె ట్రాక్టరు పెట్టుకుని, ఇంజను పని నిదానంగా చేయించడం మేలు. వారం రోజుల అద్దెకు జంకి హడావిడిగా బిగించిన ఇంజను మళ్లీ విప్పవలసి వస్తే నష్టం అంతకు మించుతుంది.

కారణం తెలియకపోతే కొత్తదీ పోతుంది

ఏ దారి పట్టినా ఇంజను ఎందుకు పోయిందో కనిపెట్టాలి. దమ్ములో రేడియేటరు జల్లెడకు బురద, గడ్డి పట్టేస్తే గాలి ఆడదు, ఇంజను కాగిపోతుంది. ఎయిర్ ఫిల్టరు గిన్నెలో ఆయిలు మార్చకపోతే దుమ్ము నేరుగా సిలిండరులోకి పోయి రింగులను రాగిడి రాయిలా అరగదీస్తుంది. ఫ్యాను బెల్టు వదులైనా, ఆయిలు పంపు బలహీనపడినా అంతే. చెడ్డ రేడియేటరును అలాగే ఉంచి కొత్త ఇంజను బిగిస్తే మరుసటి దమ్ముకు మళ్లీ అదే గతి.

మెకానిక్కుతో మాట నోటితో కాక కాగితం మీద ఉండాలి. ఏ భాగాలు మారుస్తారు, ఏ కంపెనీవి, లేత్ పని ఎక్కడ చేయిస్తారు, చెడితే ఎన్నాళ్ల వరకు పూచీ అన్నవి రాయించుకోవాలి. తీసేసిన పాత భాగాలు ఇంటికి తెచ్చుకోవాలి. పని పూర్తయ్యాక తొలి 50 గంటలు బరువైన దుక్కి పెట్టకుండా, అలాగని ఊరికే నిలబెట్టి ఇంజను తిప్పకుండా, తేలికపాటి పనులు చేయించాలి. తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చి, హెడ్డు బోల్టుల బిగువు మెకానిక్కుకు చూపించి, అప్పుడు నాగలి కట్టాలి.