కోమో కోటీశ్వరులకేనా? ఇటలీ సరస్సుల యాత్రపై అపోహలు, వాస్తవాలు

దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ 2018 నవంబరులో పెళ్లి చేసుకున్న చోటు విల్లా దెల్ బాల్బియానెల్లో. కోమో సరస్సులోకి చొచ్చుకెళ్లిన కొండకొమ్ము మీద ఉంటుంది. ఆ ఫొటోలు చూసినవాళ్లలో చాలామందికి ఒకటే అభిప్రాయం మిగిలింది: ఇటలీ సరస్సులంటే కోటీశ్వరులకు తప్ప మనలాంటివాళ్లకు కాదని. నిజానికి ఆ భవనం ఇప్పుడు ఏ కోటీశ్వరుడి సొంతమూ కాదు. 1973లో తొలి ఇటాలియన్ ఎవరెస్టు యాత్రకు నాయకత్వం వహించిన గ్విదో మోన్జీనో దాని చివరి యజమాని. తన తదనంతరం అది ఇటలీ వారసత్వ సంపదను కాపాడే ‘ఫై’ అనే సంస్థకు చెందేలా ఆయన రాసిచ్చారు. టికెట్టు కొన్నవాళ్లు ఎవరైనా లోపలికి వెళ్లి తోట చూడవచ్చు, మోన్జీనో యాత్రల వస్తువులు చూడవచ్చు. సెలవు రోజులు, పెళ్లిళ్లకు ఇచ్చిన రోజులు మాత్రం ముందుగా చూసుకోవాలి.

కోమోలో ఖరీదైనవి హోటల్ గదులు, ప్రైవేటు స్పీడ్‌బోట్లు. సరస్సు మీద తిరిగే పడవలు మాత్రం ప్రభుత్వ రవాణా సంస్థవే. బడిపిల్లలు, ఉద్యోగులు, పర్యాటకులు అందరూ వాటిలోనే వెళ్తారు. కొలోన్నో నుంచి గ్రియాంతె వరకు సరస్సు వెంట పది కిలోమీటర్ల నడకదారి ఉంది. దానికి రుసుమే లేదు. సరస్సు ఒడ్డునున్న బెల్లాజోలో గది ధర గుండె గుభేల్మనిపిస్తే లెక్కోలో దిగవచ్చు. అది మామూలు జనం బతికే పట్టణం. అక్కడి నుంచి, బెల్లాజోకు పడవ దొరికే వరెన్నాకు రైల్లో అరగంట లోపే.

‘ఇటలీలో మన హీరోల పెళ్లిళ్లన్నీ జరిగేది ఆ సరస్సుల దగ్గరే కదా’ అనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠిల పెళ్లి 2023 నవంబరులో జరిగింది టస్కనీలో. అది మధ్య ఇటలీ. సరస్సులు ఉత్తరాన, ఆల్ప్స్ పాదాల దగ్గర ఉన్నాయి. రెంటినీ రెండు రోజుల్లో కలిపి చూసేలా ప్లాన్ వేస్తే సగం సమయం ప్రయాణానికే పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా యాత్రను పాడుచేసేది మరో నమ్మకం: మిలన్‌లో దిగితే చాలు, ఒక పూటలో సరస్సు చూసి రావచ్చని. వెళ్లి రావడం సాధ్యమే. మిలన్ సెంట్రల్ స్టేషన్ నుంచి వరెన్నాకు రైల్లో సుమారు గంట, అక్కడి నుంచి బెల్లాజోకు పడవలో పావుగంట. కానీ వేసవిలో మిలన్ నుంచి వచ్చేవాళ్లందరూ అదే రైలు, అదే పడవ ఎక్కుతారు. మధ్యాహ్నానికి రేవులో బారులు తీరి నిలబడాలి. చూడాల్సిన సరస్సు సాయంత్రం వాళ్లంతా వెనుదిరిగాకే మొదలవుతుంది. ఒక సరస్సు, ఒక ఊరు, కనీసం మూడు రాత్రులు: ఇంతకన్నా మంచి ప్లాన్ మరొకటి లేదు.

ఏ సరస్సు అన్నది కూడా ఆలోచించాల్సిందే. అన్నీ ఒకేలా ఉండవు. గార్దా అన్నిటికన్నా పెద్దది, దాదాపు 370 చదరపు కిలోమీటర్లు. దాని దక్షిణాన సిర్మియోనె వైపు నీళ్లు లోతు తక్కువ, నేల చదును; పిల్లలున్నవాళ్లకు అనువు. ఉత్తరాన కొండలు రెండు వైపుల నుంచీ ముంచుకొస్తాయి. అక్కడ తూర్పు ఒడ్డున ఉంది మల్చేజినె. 1786లో అక్కడి కోట బొమ్మ గీస్తున్న జర్మన్ కవి గోథేను స్థానికులు గూఢచారి అనుకుని నిలదీశారు. మజోరె సరస్సులో స్త్రేజా ఊరి ఎదుట బొర్రొమేయో దీవులు, వాటిలో రాజసం ఉట్టిపడే తోటలు. జనం రద్దీ గిట్టనివాళ్లకు చిన్నదైన ఇజేయో మేలు. 2016లో క్రిస్టో అనే కళాకారుడు అక్కడ నీటి మీద తేలే పసుపు దారి పరిచినప్పుడు మాత్రం 16 రోజుల్లో పది లక్షలకు పైగా జనం నడిచారు.

కారు లేకపోతే తిరగలేమన్నది మరో భయం. కోమో పశ్చిమపు ఒడ్డు రోడ్డు చాలాచోట్ల ఎంత ఇరుకంటే బస్సు ఎదురైతే వెనక్కి తీయాల్సి వస్తుంది. పాత ఊళ్ల నడిబొడ్డున బయటి వాహనాలకు ప్రవేశం ఉండదు. కెమెరాకు చిక్కితే జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. భారతీయ లైసెన్సుకు తోడు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. రైలు, పడవ ఈ బాధలేవీ పెట్టవు. ప్రాంతీయ రైలు టికెట్టుకు ముందస్తు రిజర్వేషన్ అక్కర్లేదు, ఎప్పుడు కొన్నా అదే ధర. కాగితపు టికెట్టును మాత్రం రైలెక్కే ముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరచిపోతే జరిమానా.

క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు ఒకసారి ఆగాలి. నవంబరు నుంచి మార్చి దాకా చాలా హోటళ్లు, భవనాల తోటలు మూతపడతాయి, పడవలు తగ్గిపోతాయి. ఆగస్టు మధ్యలోనూ వద్దు: 15న అక్కడా సెలవే. ఇటలీ అంతా విహారానికి కదిలే రోజులవి. మన బడులకు వేసవి సెలవులిచ్చే ఏప్రిల్ చివర, మే నెలలే మేలైన కాలం. కోమో ఒడ్డున విల్లా కార్లొత్తా తోటలో అజేలియాలు విరగబూసేది అప్పుడే.

నీళ్లు అద్దంలా ఉన్నాయని దూకేయడం ప్రమాదం. కోమో లోతు 400 మీటర్లకు పైనే. సరస్సు అడుగు సముద్రమట్టానికి 200 మీటర్లు దిగువన ఉంది. చాలాచోట్ల ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే కాలికి నేల అందదు. గార్దాలో ఉదయం ఉత్తరం నుంచి ‘పెలేర్’, మధ్యాహ్నం దక్షిణం నుంచి ‘ఓరా’ అనే గాలులు వీస్తాయి. తెరచాప పడవలవాళ్లకు అవి వరం, కొత్త ఈతగాళ్లకు గండం. కాపలా ఉన్న బీచ్‌లలోనే పిల్లల్ని దించాలి.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్తపడాలి. మాంసం కనబడకపోతే శాకాహారమే అనుకోవడం పొరపాటు. పార్మిజానో, గ్రానా పాదానో చీజ్‌లు పాలు విరగ్గొట్టేందుకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో చేస్తారు. రిసొత్తో అన్నాన్ని తరచూ మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. అడగకుండా తినకూడదు. చేపలు తినేవాళ్లకు కోమోలో ‘మిస్సొల్తీని’ దొరుకుతాయి: ఉప్పు పట్టించి ఎండబెట్టి, బిరియానీ ఆకులాంటి ఆకులతో పేర్చి అదిమిన సరస్సు చేపలు. ఎండుచేపల రుచి ఎరిగిన నాలుకకు అవి కొత్తగా అనిపించవు.

మజోరె ఉత్తర కొస స్విట్జర్లాండ్‌లో ఉంది కాబట్టి వేరే వీసా కావాలనుకుంటారు. అక్కర్లేదు, ఆ దేశమూ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాల్లోనిదే. పాస్‌పోర్టు వెంట ఉంటే చాలు. ఎక్కువ రాత్రులు ఇటలీలో గడిపేవాళ్లు ఇటలీ వీసాకే దరఖాస్తు చేయాలి, కనీసం 30,000 యూరోల వైద్య బీమా జతచేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. వేసవికి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి, డబ్బు వెనక్కి రాని విమాన టికెట్లు కొనేముందే ఆ తేదీ ఖాయం చేసుకోండి.