మూడింట రెండొంతుల ఓటు.. అడగనే లేదు!

మా తమ్ముడు గ్రూప్-2కు చదువుతున్నాడు. మొన్న కొత్తవాడలో చాయ్ తాగుతుంటే అడిగాడు: "భాయ్, ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను ఆంధ్రలో కలపమందా, వద్దందా?" జవాబు ఒక్క ముక్కలో చెప్పలేం. ఇప్పుడే వద్దు, తర్వాత సభను అడిగి చూడండి అన్నది.

జస్టిస్ ఫజల్ అలీ అధ్యక్షుడు. కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. 1955 సెప్టెంబర్ 30న రిపోర్టు ఇచ్చారు. మరాఠీ, కన్నడ ప్రాంతాలు పోయాక తెలంగాణ హైదరాబాద్ రాష్ట్రంగానే ఉండాలి. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే విలీనం.

అంతవరకు ఎవరూ ఆగలేదు. అదే ఏడాది చివర్లో హైదరాబాద్ అసెంబ్లీలో రోజుల తరబడి చర్చ నడిచింది. 174 మందిలో 147 మంది అభిప్రాయం చెప్పారు. విశాలాంధ్రకు 103, వ్యతిరేకంగా 29, ఎటూ కానివాళ్లు 15. ఓటింగ్ మాత్రం పెట్టలేదు.

బీకాం చదివినవాణ్ని కదా, లెక్క చూడకుండా ఉండలేను. 174లో మూడింట రెండొంతులంటే 116. పైగా ఆ 103లో మరాఠీ, కన్నడ సభ్యులూ ఉన్నారు. వాళ్ల జిల్లాలు ఎలాగూ వేరే రాష్ట్రాలకు పోయేవే! అలాగని తెలంగాణ సభ్యులంతా వద్దన్నారనీ చెప్పలేం. కలయిక కోరినవాళ్లు చాలామందే ఉన్నారు. గట్టిగా లెక్కపెట్టి తేల్చలేదు, అంతే.

చివరికి విషయం ఢిల్లీలో తేలింది. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్.

జర్మన్లకూ ఇలాగే అయింది. 1848 మే 18న ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక చర్చిలో, ఎన్నికైన ప్రతినిధులు కూర్చుని ముక్కలుగా ఉన్న దేశానికి రాజ్యాంగం రాశారు. కిరీటం తీసుకోమని ప్రష్యా రాజును అడిగారు. ప్రజాప్రతినిధులు ఇచ్చే కిరీటం నాకొద్దన్నాడు. సభకు సొంత ఫౌజు లేదు, ఖజానా లేదు. 1849 జూన్‌లో మిగిలిన సభ్యులను సైనికులు చెదరగొట్టారు. 1871లో బిస్మార్క్ యుద్ధాలతో జర్మనీని కలిపాడు. మన దగ్గర యుద్ధం లేదు, సంతకాలతో పని అయిపోయింది. రెండు చోట్లా సభ పక్కన ఉండిపోయింది.

ఒప్పందంలోని ఉద్యోగాలు, మిగులు నిధుల హామీలు అమలు కావడం లేదని 1969లో తెలంగాణ రోడ్డెక్కింది. 2014 జూన్ 2న విడిపోయింది.

కమిషన్ చెప్పిన ఆ ఎన్నికలు 1962లో వచ్చాయి. అప్పటికి ఓటు వేయాల్సిన హైదరాబాద్ శాసనసభే లేదు.